గిరాకీ లేని ప్లీడరేనా నిలబడేది?

పంచాయతీ ఎన్నికల ఊసొస్తే చాలు, అమలాపురం కోర్టు దగ్గర టీ తాగేచోట ఒక మాట పుడుతుంది: "కోర్టులో గిరాకీ లేని ప్లీడరే సర్పంచిగా నిలబడతాడండి, ఆయ్." మొన్న ఈ మాటన్నది దారిన పోయే మనిషి కాదు, నాకంటే పదేళ్లు సీనియరు ప్లీడరు గారు. అంతటితో ఆగారా అంటే లేదు. నల్లకోటు వేసుకున్నవాడు ఓట్లడుక్కోవడం వృత్తికే తలవంపులన్నారు. బార్ కౌన్సిల్ నిబంధనలే ఒప్పుకోవన్నారు. సత్తా ఉంటే ఎంపీకి పోవాలి గానీ, ఈ వీధి దీపాల పదవి ఎందుకన్నారు. చుట్టూ ఉన్న జూనియర్లు తలలూపారు. ఆయన మాటకు కాదు, ఆ తలలూపడానికి ఒళ్లు మండి ఇది రాస్తున్నాను.

నిబంధనల సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. ప్రాక్టీసు చేస్తూ జీతానికి పూర్తికాలపు కొలువు చేయకూడదన్నది నిబంధన. జనం ఎన్నుకున్న పదవి కొలువు కాదు. ఎంపీలు, ఎమ్మెల్యేలు కోర్టుల్లో వాదించకుండా ఆపాలంటూ వేసిన పిటిషనును సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో కొట్టేసింది. ఎమ్మెల్యేకే లేని అడ్డు వార్డు మెంబరుకు తగిలించడం ఏం న్యాయం?

ఇక గిరాకీ. గౌతమి ఒడ్డున ఎదుర్లంకలో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి గారి పేరెత్తితే మా సీనియరు గారే చేతులు జోడిస్తారు. "ఆయన వేరండి, ఢిల్లీ స్థాయి మనిషి" అంటారు. ఆ మనిషి ఢిల్లీకి ఏ దారిన పోయాడో ఒకసారి చూద్దాం. 1980లో కాకినాడలో ప్లీడరుగా మొదలుపెట్టారు. 1985లో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటుగా ఎంపికయ్యారు. కొద్దికాలానికే ఆ పదవికి రాజీనామా చేసి మళ్లీ ప్రాక్టీసుకే వచ్చారు. 1986లో కాకినాడ కోఆపరేటివ్ టౌన్ బ్యాంకు వైస్ చైర్మన్. 1987లో తూర్పు గోదావరి జిల్లా ప్రజా పరిషత్ చైర్మన్. మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి, ఆ చైర్మన్‌ను అప్పుడు జిల్లా ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు.

లంక ఊరి దళిత కుటుంబం నుంచి వచ్చిన కుర్రాడికి మేజిస్ట్రేటు కుర్చీ అంటే ఏమిటో కోనసీమలో పుట్టినవాడికి చెప్పాలా? బంట్రోతు, జీపు, ఊరంతా లేచి నిలబడటం. అవన్నీ అందినవాడిని గిరాకీ లేని ప్లీడరని ఏ నోటితో అంటాం? అమలాపురం ఎంపీగా గెలిచింది 1991లో, లోక్‌సభ స్పీకరైంది 1998 మార్చి 24న. అంతకు ముందే రోడ్లు, బడులు, తాగునీళ్ల గోడు వినే జిల్లా పరిషత్తులో కూర్చున్నారాయన. "ఢిల్లీ స్థాయి" ఆ తర్వాతి మాట. 1999 ఏప్రిల్‌లో వాజపేయి ప్రభుత్వం 269కి 270 ఓట్లతో, ఒక్క ఓటు తేడాలో పడిపోయిన రోజు, ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీ పదవికి రాజీనామా చేయని గిరిధర్ గమాంగ్ ఓటేయొచ్చా అన్న పేచీ వచ్చింది. దాన్ని ఆ సభ్యుడి అంతరాత్మకే వదిలేశారు స్పీకరు. బాలయోగి గారి పార్టీ అప్పుడు ఆ ప్రభుత్వానికి మద్దతిస్తున్న పార్టీ. ఆ నిర్ణయం తప్పన్నవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం అక్కడ, పార్టీని పక్కనపెట్టి నిబంధన చూసిన ప్లీడరే కనిపిస్తాడు.

వీధి దీపాల పదవట. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగ్గవంటూ 29 అంశాలు రాశారు. వాటిలో ఏవి నిజంగా చేతికొచ్చాయి, ఏవి శాఖల దగ్గరే ఉండిపోయాయి అని చదివి చెప్పగలిగే మనిషి ఎన్ని పంచాయతీల్లో ఉన్నాడు? 2011లో కోనసీమ రైతు ఖరీఫ్ వేయనని క్రాప్ హాలిడే ప్రకటించాడు. గిట్టని ధరతో పాటు ముంపు దిగని డ్రెయిన్లూ ఆ గోడులో ఉన్నాయి. ఆ డ్రెయిన్లలో గుర్రపుడెక్క ఎవరు తీయాలని అడిగితే ఆఫీసుకో జవాబు.

ఒక కేసులో ఓ పంచాయతీ తీర్మానాల పుస్తకం నా చేతికొచ్చింది. ఊరి పేరు వద్దు. చెరువు గట్టు మీది కొబ్బరి చెట్ల ఫలసాయం, వేలం పాట లేకుండా, మూడేళ్లకు ఒకే మనిషికి రాసిచ్చిన తీర్మానం. పేజీ అడుగున ఆరు సంతకాలు, ఒక వేలిముద్ర. పైన వరసలు విశాలంగా మొదలై, కిందికొచ్చేసరికి చీమల్లా సన్నబడ్డాయి. చివరి వరస వేలిముద్ర దగ్గరికొచ్చి, దాన్ని తగలకుండా పక్కకు ఒంగి, అంచు వెంట పైకి ఎక్కింది. సంతకాలు ముందు, తీర్మానం తర్వాత. వేలిముద్ర వేసిన మెంబరమ్మను అడిగాను. "నీళ్ల ట్యాంకు రిపేరుకనుకున్నాను బాబూ" అంది.

ఆ రోజు ఆ బల్ల దగ్గర చట్టం తెలిసినవాడు ఒక్కడుంటే, "ముందు రాయండి, చదవండి, తర్వాత సంతకం" అనడానికి అర నిమిషం పట్టేది. లేడు గనక కోర్టుకు ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ ఫీజు తీసుకున్నది నేను. ప్లీడరు సర్పంచైతే వృత్తికి తలవంపులనే పెద్దలు ఈ లెక్క కూడా ఒకసారి వేసుకోవాలి. ఊళ్లో కాగితం తప్పుగా పుట్టినప్పుడల్లా మన ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. దాన్ని పుట్టిన చోటే సరిదిద్దడానికి వెళ్లేవాణ్ణి పనిలేనివాడని వెక్కిరిస్తున్నాం.

పదవి చూపించి వకాల్తాలు పోగేసుకునే ప్లీడర్లు లేరా? ఉన్నారు, నాకూ తెలుసు. కానీ పంచాయతీ చట్టం ఈ బుద్ధిని ముందే కనిపెట్టింది. పంచాయతీ తరఫున ఫీజు తీసుకుని వాదించే ప్లీడరు, పంచాయతీకి ఎదురు వకాల్తా పుచ్చుకునే ప్లీడరు మెంబరుగా ఉండటానికి అనర్హులు. ఊళ్లో తగాదాల్లో సగం పోరంబోకు, దారి, గట్టు, పన్ను చుట్టూనే తిరుగుతాయి. నిలబడాలంటే ఆ కట్టలు విప్పి వేరే ప్లీడరుకు ఇచ్చేయాలి. సర్పంచి గౌరవ వేతనమా, ఒక బెయిలు పిటిషను ఫీజుకు కూడా చాలదు. గిరాకీ కోసం నిలబడేవాడికి ఇంతకన్నా తెలివితక్కువ బేరం ఉంటుందా?

ఇదంతా టీ చల్లారేలోపు ఆవేశంగా చెప్పేశాను. సీనియరు గారు గ్లాసు కింద పెట్టి, "మరి మీ ఊళ్లో మీరెందుకు నిలబడలేదండీ?" అన్నారు.

మా పంచాయతీ మీద నా దగ్గర రెండు కేసులు నడుస్తున్నాయి. రెండూ బాగా ఫీజిచ్చేవే. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.