గోడ కట్టమన్నది భక్తులే!

1802 జనవరి 1. అమెరికా అధ్యక్ష భవనానికి కొత్త సంవత్సరం కానుక ఒకటి అందింది. పూలగుత్తి కాదు, పట్టుశాలువా కాదు... ఓ చీజ్ దిమ్మ! బరువు 1,235 పౌన్లు. మన లెక్కలో 560 కిలోలు. అడ్డంగా కొలిస్తే నాలుగడుగుల పైమాటే.

పంపింది మసాచుసెట్స్ రాష్ట్రంలోని చెషైర్ అనే చిన్న ఊరి రైతులు. అందుకున్నది మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్. అంతకు ముందు వేసవిలో ఊరంతా పాలు పోగేసి, ఆపిల్ రసం తీసే పెద్ద మరలో అదిమి దీన్ని తయారుచేశారు. 900 ఆవుల పాలు పట్టాయని చెబుతారు. జెఫర్సన్‌కు వ్యతిరేకులైన ఫెడరలిస్టుల ఆవుల పాలు ఒక్క చుక్క కూడా కలవలేదని ఊరివాళ్ల గొప్ప! దాన్ని వెంటబెట్టుకుని వచ్చింది వాళ్ల బాప్టిస్టు బోధకుడు జాన్ లీలాండ్. దారిలో ఆగిన చోటల్లా ప్రసంగాలు చేస్తూ మరీ వచ్చాడాయన.

విడ్డూరం ఏమిటంటే... 1800 ఎన్నికల్లో ఇదే జెఫర్సన్‌ను నాస్తికుడని, దేవుడంటే లెక్కలేని మనిషని తిట్టిపోసినవాళ్లలో న్యూ ఇంగ్లండ్ మతబోధకులే ఎక్కువ. యేసు అద్భుతాలను ఆయన నమ్మని మాట నిజం. 1820 నాటికి బైబిల్ ప్రతుల్లోంచి యేసు బోధలను మాత్రం కత్తిరించి, అద్భుతాలను వదిలేసి, తన కోసం ఓ పుస్తకం అంటించుకున్నాడు కూడా. అలాంటి నాయకుడికి నిష్ఠగల క్రైస్తవ బోధకుడు వందల మైళ్లు దాటి కానుక తేవడమేమిటి?

జవాబు వర్జీనియా జైళ్లలో దొరుకుతుంది.

జైలు ఊచల వెనక ప్రసంగం

స్వేచ్ఛగా దేవుణ్ని కొలుచుకోవాలని సముద్రం దాటి వచ్చినవాళ్ల దేశంగా అమెరికాకు పేరు. 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చిన 102 మందిలో అలాంటివాళ్లు ఉన్నారు. 1630లో మసాచుసెట్స్‌లో దిగిన ప్యూరిటన్లదీ అదే దారి. అయితే తమకు కావాలనుకున్న స్వేచ్ఛను పక్కవాడికి ఇవ్వడానికి వీళ్లకు మనసొప్పలేదు. ప్రభుత్వం మనస్సాక్షి జోలికి రాకూడదన్న రోజర్ విలియమ్స్ అనే బోధకుడిని 1635లో వెళ్లగొట్టారు. ఆయన పోయి 1636లో ప్రావిడెన్స్ ఊరు కట్టుకున్నాడు. వద్దన్నా తిరిగొచ్చిందని మేరీ డయర్ అనే క్వేకర్ మహిళను 1660లో బోస్టన్‌లో ఉరితీశారు. తీర్పు చెప్పినవాళ్లూ, ఉరికొయ్య ఎక్కినావిడా... అందరూ క్రైస్తవులే!

చర్చి ఓ తోట, లోకం అడవి, రెంటి మధ్యా గోడ ఉండాలని విలియమ్స్ 1644లోనే రాశాడు. ఆయన బెంగ అంతా తోట గురించే. ప్రభుత్వమే మతానికి కంచె అయితే, కంచే చేను మేస్తుందని ఆయన కళ్లారా చూశాడు మరి.

వర్జీనియాలో కథ ఇంకోలా నడిచింది. అక్కడ ఇంగ్లండ్ చర్చిదే అధికారిక హోదా. ఏ శాఖవాళ్లయినా సరే దాని పోషణకు పన్ను కట్టాల్సిందే. అనుమతిపత్రం లేకుండా బోధించే బాప్టిస్టులను శాంతిభంగం పేరు చెప్పి జైల్లో పెట్టేవారు. జేమ్స్ ఐర్లండ్ అనే బోధకుడు కల్పెపర్ జైలు ఊచల వెనక నిలబడి, బయట చేరిన జనానికి ప్రసంగించాడు. పొరుగు కౌంటీలో ఇలా అయిదారుగురు సజ్జనులు జైల్లో మగ్గుతున్నారని 1774లో ఓ యువకుడు మిత్రుడికి మండిపడుతూ ఉత్తరం రాశాడు. ఆ యువకుడే జేమ్స్ మాడిసన్. తర్వాత రాజ్యాంగ రచనలో ముఖ్యుడు, నాలుగో అధ్యక్షుడు.

మాకూ వాటా వద్దు!

స్వాతంత్య్రం వచ్చాక 1784లో పాట్రిక్ హెన్రీ ఓ బిల్లు తెచ్చాడు. ఒక్క చర్చికే కాదు, క్రైస్తవ బోధకులందరి పోషణకూ పన్ను వేద్దాం, ఎవరి డబ్బు ఏ శాఖకు పోవాలో కట్టేవాళ్లే చెప్పవచ్చు అన్నాడు. వినడానికి బాగానే ఉంది కదా! బాప్టిస్టులకూ వాటా వస్తుంది. అయినా వాళ్లు వద్దన్నారు. సర్కారు సొమ్ము లేకుండానే మొదటి మూడు శతాబ్దాలు తమ మతం పెరిగిందని, ఇప్పుడు మాత్రం ఊతకర్ర ఎందుకని వాళ్ల వాదన. 1785లో మాడిసన్ రాసిన విజ్ఞాపన చరిత్రలో నిలిచిపోయింది. కానీ దానికంటే ఎక్కువ సంతకాలు పడింది ఇలాంటి సామాన్య భక్తుల విజ్ఞాపన మీదే!

బిల్లు అటకెక్కింది. జెఫర్సన్ ఎప్పుడో రాసిపెట్టిన మతస్వేచ్ఛ చట్టాన్ని మాడిసన్ బయటికి తీసి 1786 జనవరి 16న గట్టెక్కించాడు. తన సమాధి మీద మూడు విషయాలే చెక్కాలని జెఫర్సన్ కోరుకున్నాడు. అందులో ఈ చట్టం ఉంది. అధ్యక్ష పదవి లేదు!

1787 రాజ్యాంగం, పదవికి మతపరమైన అర్హత అడగరాదంది. 1791లో మొదటి సవరణ, దేశానికి అధికారిక మతం ఉండదంది. ఆ రోజుల్లో వర్జీనియాలోనే బోధకుడిగా ఉండి, ఈ పోరాటంలో పాల్గొన్నవాడే మన లీలాండ్. చీజ్ వెనక ఉన్న కృతజ్ఞత అది.

చీజ్ అందిన రోజే జెఫర్సన్ ఓ ఉత్తరం కూడా రాశాడు. కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులకు. చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ అన్న ప్రసిద్ధమైన మాట అందులోదే. రెండు రోజులకు, ఆదివారంనాడు, ప్రతినిధుల సభ హాల్లో లీలాండ్ ప్రసంగిస్తుంటే అదే జెఫర్సన్ వెళ్లి కూర్చుని విన్నాడు! ఒక పక్షం ఉత్తరాన్ని చూపిస్తుంది, ఇంకో పక్షం ఆ ఆరాధనను చూపిస్తుంది. రెండూ ఒకే వారంలో జరిగాయి.

మచ్చలు లేవా అంటే ఉన్నాయి. చీజ్ తయారీలో బానిసల చెయ్యి పడలేదని చెషైర్ రైతులు గర్వంగా చెప్పుకున్నారు. అందుకున్న జెఫర్సన్ జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా బానిసలకు యజమాని. 1789లో లీలాండ్ వర్జీనియా బాప్టిస్టుల సభలో బానిసత్వాన్ని ఖండిస్తూ తీర్మానం పెట్టాడు. కానీ బైబిల్ చదివే యజమానులు ఎందరో సంకెళ్లు విప్పలేదు. బానిసగా పుట్టిన రిచర్డ్ అలెన్, తెల్లవారి చర్చిలో అవమానం భరించలేక 1794లో ఫిలడెల్ఫియాలో తనవాళ్ల కోసం వేరే చర్చి తెరిచాడు. పుస్తకం ఒకటే... చదివిన తీరు వేరు.

అమెరికా నాణెం మీది దేవుడి పేరు చూపించి, దేశాన్ని కట్టినవాళ్లే దాన్ని క్రైస్తవ రాజ్యంగా నిలబెట్టారనేవాళ్లు ఉన్నారు. నాణెం మీద ఆ మాట వచ్చింది 1864లో. దేశ నినాదమైంది 1956లో. అలాగని మతస్వేచ్ఛ కేవలం నాస్తికుల పుణ్యమన్నా తప్పే. నెల్లూరులో 1840లో మొదలై 1866లో ఒంగోలుకు విస్తరించిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ మనవాళ్లకు తెలిసిందే. ఆ మిషనరీల తాతల తరం సొంత దేశంలో జైలు కూడు తిన్నదని మాత్రం చాలామందికి తెలియదు.

లీలాండ్ సొంత రాష్ట్రం మసాచుసెట్స్ చర్చి పన్నును 1833లో గానీ ఎత్తెయ్యలేదు. ఆయన 1841 దాకా బతికాడు కాబట్టి ఆ ముచ్చటా చూశాడు. ఇక చీజ్ సంగతంటారా? పదవిలో ఉన్నవాడు కానుకలు ఉచితంగా పుచ్చుకోకూడదని జెఫర్సన్ నియమం. అందుకే లీలాండ్ చేతిలో 200 డాలర్లు పెట్టి మరీ పంపాడు!