మాస్కు విషాదానికి పరాయిదా?

సంపాదకులకు,

‘మాక్బెత్’ను మాస్కులతో ప్రహసనంగా ఆడటం విషాద నాటకానికే అవమానమని గత సంచికలో రాసిన వ్యాసకర్తతో నాకు పేచీ ఉంది. ప్రాచీన ఏథెన్స్‌లో విషాద నాయకుడు ఈడిపస్ వేషధారి కూడా మాస్కు పెట్టుకునే ఏడ్చాడు. పైగా డయొనైసస్ ఉత్సవ పోటీల్లో మూడు విషాద నాటకాల వెంట ఒక అల్లరి సేటర్ నాటకం ఆడించడం ఆనవాయితీ. యూరిపిడిస్ రాసిన అలాంటి నాటకం ‘సైక్లోప్స్’ ఇప్పటికీ మిగిలే ఉంది.

ఇక మాక్బెత్ సంగతి. 1896 డిసెంబరులో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ జారీ రాసిన ‘ఉబు రాజు’ నాటకం మొదలవగానే, మొదటి మాటకే హాలంతా గోల. మాక్బెత్‌లో లాగే ఇక్కడా పెళ్లాం ఎగదోస్తుంది, మొగుడు రాజును చంపి గద్దెనెక్కుతాడు. అయితే ఈ హంతకుడికి పశ్చాత్తాపం లేదు, తిండి యావ ఉంది! ఆస్తుల కోసం జమీందార్లను వరసబెట్టి గోతిలోకి తోయిస్తాడు. పన్నులు స్వయంగా తిరిగి వసూలు చేస్తాడు. ఉబుకు మాస్కు ఉండాలనీ, గుర్రమెక్కే చోట మెడలో అట్ట గుర్రం తల వేలాడితే చాలనీ, సైన్యానికి ఒక్క సిపాయి సరిపోతాడనీ జారీ ముందే దర్శకుడికి రాశాడు. మాక్బెత్ మీద కలిగే జాలి ఉబు మీద కలగదు. నియంతను అలా చూపితే షేక్‌స్పియర్ చిన్నబోతాడా?

ఒక్కచోట వ్యాసకర్తది న్యాయమే. మాస్కు తగిలించుకుని సినిమా జోకులు వల్లిస్తే అది వ్యంగ్యం కాదు. కానీ దర్శకుడు రజత్ కపూర్ విదూషకులతో ఆడించిన ‘హామ్లెట్’ను కూడా ఆ గాటనే కట్టేస్తారా?

— ఒక పాఠకుడు, విజయవాడ