సాగర్ కాపలాకు షరతు కావాలి

2023 నవంబర్ 30న, తెలంగాణలో పోలింగ్ మొదలవకముందే, ఆంధ్రప్రదేశ్ పోలీసులు నాగార్జునసాగర్ డ్యాం మీదికొచ్చి పదమూడో గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. 26 గేట్లలో సగం మావేనన్నారు, కుడి కాలువకు నీళ్లు వదిలారు. కేంద్ర హోంశాఖ కలగజేసుకుని, నవంబర్ 28 నాటి స్థితికి ఇద్దరినీ ఒప్పించి, డ్యాంను సీఆర్పీఎఫ్ కాపలాలో పెట్టింది. తాత్కాలికమనే చెప్పింది. గడువు మాత్రం పొడిగిస్తూ వచ్చింది. పొడిగింపుకు నేను వ్యతిరేకిని కాను. షరతు లేని పొడిగింపు ఎక్కడికి చేరుతుందో సైప్రస్‌ను చూస్తే తెలుస్తుంది.

1964 మార్చిలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆ దీవికి మూడు నెలలకని శాంతిదళాన్ని పంపింది. మన జనరల్ తిమ్మయ్య దాని అధిపతిగా ఉండగానే 1965లో అక్కడే కన్నుమూశారు. 1974లో టర్కీ సైన్యం దిగడంతో దీవి రెండు ముక్కలైంది. దళం ఇప్పటికీ అక్కడే ఉంది. కాల్పులు ఆగాయి, అది చిన్న సంగతేమీ కాదు. కానీ 2004లో ఏకీకరణకు అన్నన్ ప్రణాళికపై ఓటింగ్ పెడితే టర్కిష్ సైప్రియట్లలో 65 శాతం సరేనన్నారు, గ్రీకు సైప్రియట్లలో 76 శాతం వద్దన్నారు. వారం తిరిగేసరికి గ్రీకుల చేతిలోని ప్రభుత్వం యూరోపియన్ యూనియన్‌లో చేరింది. ఒప్పుకోకపోయినా నష్టం లేనప్పుడు ఎవరు దిగివస్తారు?

సాగర్‌లోనూ అదే లెక్క. కృష్ణా నీళ్లలో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 టీఎంసీల వాటాలు 2015లో తాత్కాలికమని రాసుకున్నవే. కాపలా ఉన్నంతకాలం ప్రభుత్వాలకు తొందర లేదు. తొందరంతా మిర్యాలగూడ, పల్నాడు రైతులదీ, ఆ నీళ్లే తాగే నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లదీ. కేంద్ర బలగాలంటే ప్రాజెక్టును కృష్ణా నదీ యాజమాన్య బోర్డుకు అప్పగించడమేనన్న భయం తెలంగాణలో ఉంది. 2024 ఫిబ్రవరిలో ఆ అప్పగింతకు వ్యతిరేకంగా తెలంగాణ శాసనసభ చేసిన తీర్మానం వెనక ఉన్నదీ అదే. ఊరికే పుట్టిన భయం కాదు: 2021 గెజిట్ కృష్ణా బోర్డుకు పెత్తనంతో పాటు సీఐఎస్ఎఫ్‌నూ జతచేసింది. అయితే గేటు తిప్పే పని ఇంజనీర్లదేనని ఉత్తర్వులోనే రాయించుకోవచ్చు. బలగాలను తీసేస్తే రాష్ట్రాలే తేల్చుకుంటాయన్న వాదన అంతకన్నా బలహీనం. 2015 ఫిబ్రవరిలో ఇదే డ్యాంపై రెండు రాష్ట్రాల పోలీసులు తలపడ్డప్పుడు కేంద్ర కాపలా లేదు. ఏం తేలింది?

అందుకే ప్రతి పొడిగింపుకూ ఒక పని, ఒక తేదీ ముడిపెట్టాలి. అటు పోతిరెడ్డిపాడులో, ఇటు కల్వకుర్తి ఎత్తిపోతల్లో, నీళ్లు తీసే ప్రతిచోటా టెలిమెట్రీ పెట్టి రోజువారీ లెక్క బయటపెట్టాలి (ఇది మన పాలమూరు నాయకులకూ రుచించదు). కృష్ణా వాటాలు తేల్చాల్సిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ తీర్పు వచ్చేదాకా, ఏటా జూన్‌కు ముందే ఆ ఏడాది వాటాపై సంతకాలు జరగాలి. సంతకం పెట్టని రాష్ట్రం ఆ ఏడు కాపలా ఖర్చంతా భరించాలి. ఇద్దరూ పెట్టకపోతే చెరిసగం.