జబ్బు రోజుల్లో కొండ మీదికి రావాలా?

కరోనా రోజుల్లో, 2021 జులైలో మనాలి, సిమ్లా వీధులు మాస్కుల్లేని జనంతో కిక్కిరిసిపోయాయి. ఆ గుంపులు ఆందోళన కలిగిస్తున్నాయని జులై 13న ప్రధాని మోదీయే అన్నారు. టీవీలో అవి చూస్తుంటే నాకు మా అరకే కళ్ల ముందు మెదిలింది.

నేనిక్కడ నర్సును. మా తమ్ముడు రోడ్డు పక్కన బొంగు చికెన్ అమ్ముతాడు. పర్యాటకులు రాకపోతే వాడింట్లో పొయ్యి వెలగదు, ఆ సంగతి నాకెవరూ చెప్పనక్కర్లేదు. అయినా అలాంటి రోజుల్లో రావద్దనే అంటాను. కరోనా లక్షణాలు బయటపడకముందే పక్కవారికి అంటుకుంటుంది. బొర్రా గుహలు చూసి, కాఫీ తాగి, ఫొటోలు దిగి వెళ్లినవారికి ఇక్కడేం వదిలి వెళ్లారో తెలియదు. ఊపిరాడని మా ముసలివాళ్లను విశాఖ కేజీహెచ్‌కు చేర్చాలంటే వంద కిలోమీటర్లకు పైనే, అందులో అనంతగిరి ఘాట్ మలుపులు. అంబులెన్సులో ఆక్సిజన్ సిలిండర్ మీటరు ముల్లు వంకే చూస్తూ కూర్చున్నవాళ్లకు తెలుసు ఆ దూరమెంతో.

"మా డబ్బు, మా సెలవు" అంటారు. ప్రమాదం మీ ఒక్కరిదే అయితే మీ ఇష్టమే. కానీ కాదు కదా!

మళ్లీ ఇలాంటి జబ్బు వస్తే గైడ్లకు, జీపు డ్రైవర్లకు, బండ్లవాళ్లకు ప్రభుత్వం ముందే నెలనెలా భృతి ఇవ్వాలి. అది ఇవ్వకుండా వచ్చేవాళ్లను ఆపమంటే మా తమ్ముడు వినడు. వినమని వాడిని నేనూ అడగలేను.