మందు వేసుకునేవారి మాట

మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా వచ్చి తొమ్మిదేళ్లయింది. తనను దూషిస్తున్నట్లు వినిపించే గొంతులు ఒలాంజపిన్ మాత్రలతో సద్దుమణిగాయి. అల్‌హందులిల్లాహ్ అనుకున్నాము. కాని ఏడాది తిరగకుండానే అతడి శరీరం బరువెక్కింది. ఫజ్ర్ అజాన్‌కు సైతం మెలకువ రానంత మత్తు ఆవరించింది. అతడు మొరపెట్టుకున్న ప్రతిసారీ మేము "సబర్ చెయ్యి" అన్నాము. సబర్ గొప్ప గుణమే. మేము మాత్రం ఆ మాటతో అతడి నోరు మూయించాము.

గత రమజాన్‌లో, తరావీహ్‌లో మెలకువగా నిలబడాలన్న ఆశతో అతడు ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాడు. కొన్ని వారాలకే ఆ గొంతులు తిరిగి వచ్చాయి.

ఈ ఇబ్బందిని ముందే ఎందుకు చెప్పలేదని డాక్టరుగారు అడిగితే మా వద్ద జవాబు లేకపోయింది. మోతాదును, వేళను సవరించవచ్చట; క్రమంగా మరో మందుకు మారవచ్చట; కొందరికి నెలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్లూ ఉన్నాయట. సొంతంగా, హఠాత్తుగా మానడమే ప్రమాదమన్నారు.

ఇప్పుడు అతడి బరువు, నిద్ర, చేతుల వణుకు అతడి మాటల్లోనే రాసుకుని డాక్టరు వద్దకు వెళుతున్నాము. మత్తు కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

రోగి మన చేతిలోని అమానతు. మందు వేసుకొమ్మని చెప్పే మనమే, ఆ మందు పెట్టే బాధను కూడా వినాలి.