అల్లం బిళ్ల మీద కట్టిన అబద్ధం



మొన్న క్లాసు చివర్లో ఒక విద్యార్థి లేచి అడిగాడు. "సార్, అమెరికాలో మీడియా అంతా ఏదో ఒక పార్టీ కొమ్ము కాస్తుందంటారు కదా. మరి అక్కడి ఎన్నికల ఫలితాలను ఎందుకు నమ్మాలి? అసలు ఎక్కడి ఫలితాలనైనా ఎందుకు నమ్మాలి?" ఇంతలో బెల్లు కొట్టారు. జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు అతని మాటలోని నిజాన్ని ఒప్పుకుందాం. 2024లో గాలప్ సంస్థ అడిగితే మీడియా మీద నమ్మకం ఉందన్న అమెరికన్లు 31 శాతమే. డెమొక్రాట్లలో 54 శాతం, రిపబ్లికన్లలో 12 శాతం. తప్పు ఒక వైపే లేదు. 2016 తర్వాత ఉదారవాద చానెళ్లు రష్యా జోక్యం గురించి ఏళ్ల తరబడి ఊదరగొట్టాయి. జోక్యం నిజమే. కానీ పడిన ఓట్లను మార్చినట్టు ఆధారం దొరకలేదు. ఆ తేడాను అవి చెప్పాల్సినంత గట్టిగా చెప్పలేదు.

2020లో జరిగింది మాత్రం ఇంకో రకం. ఓటింగ్ యంత్రాలు ట్రంప్ ఓట్లను మింగేశాయన్న ప్రచారాన్ని ఫాక్స్ న్యూస్ ప్రసారం చేసింది. డొమినియన్ కంపెనీ దావా వేశాక ఆ చానెల్ వాళ్ల సొంత మెసేజీలు బయటపడ్డాయి. తెర మీద చోటిచ్చిన ఆరోపణలను తెర వెనక వాళ్లలో చాలామంది నమ్మలేదు. నిజం చెబితే ప్రేక్షకులు పక్క చానెల్‌కు పోతారని భయం. 2023 ఏప్రిల్‌లో 78 కోట్ల 75 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నారు.

డబ్బు సంగతి అలా ఉంచండి. అనుమానం ఎవరి మీద పడిందో చూడండి. డెట్రాయిట్, ఫిలడెల్ఫియా, మిల్వాకీ, అట్లాంటా. అన్నీ నల్లజాతి ఓటర్లు పెద్ద సంఖ్యలో ఉన్న నగరాలే. అట్లాంటాలో ఓట్లు లెక్కించిన ఒక తల్లీకూతుళ్లు నల్లజాతి మహిళలు. తల్లి కూతురికి ఒక అల్లం బిళ్ల అందించింది. దాన్ని వీడియోలో చూపించి, అది ఓట్లు మార్చే పెన్‌డ్రైవ్ అన్నాడు ట్రంప్ లాయరు రూడీ జూలియాని. బెదిరింపులకు ఆ తల్లి ఇల్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. 2023 డిసెంబరులో జ్యూరీ వాళ్లకు 14 కోట్ల 80 లక్షల డాలర్ల పరిహారం ప్రకటించింది. పోయిన నిద్రకు ఏ జ్యూరీ పరిహారం ఇస్తుంది?

ఇది కొత్త కథ కాదు. 1898లో నార్త్ కరోలినా రాష్ట్రంలో జోసెఫస్ డేనియల్స్ నడిపిన న్యూస్ అండ్ అబ్జర్వర్ పత్రిక నల్లవాళ్ల మీద నెలల తరబడి విషం చిమ్మింది. నవంబరు 10న విల్మింగ్టన్‌లో తెల్లమూక నల్లవాళ్ల పత్రిక ఆఫీసును తగలబెట్టింది. మనుషులను చంపింది. ఎన్నికైన నగర పాలకులను తుపాకులతో దించేసింది. అక్కడ ఓట్లు తప్పుగా లెక్కించారన్నది కాదు గొడవ. నల్లవాళ్ల ఓటు లెక్కలోకి రావడమే గొడవ.

ఇంకో లెక్క చూడండి. 2020 ఎన్నిక సక్రమంగా జరిగిందన్న ట్రంప్ ఓటర్లు ప్యూ సర్వేలో 21 శాతం. 2024లో ట్రంప్ గెలిచాక వాళ్లు 93 శాతం. జార్జియాలో రెండుసార్లూ వాడింది అదే డొమినియన్ యంత్రాలు. మారింది గెలిచినవాడు మాత్రమే.

కాబట్టి తమ్ముడూ, నా జవాబు ఇది. చానెల్‌ను అనుమానించు, తప్పకుండా అనుమానించు. కానీ ఫలితం మీద నమ్మకం చానెల్ ఇచ్చేది కాదు. 2020లో జార్జియాలో దాదాపు 50 లక్షల కాగితపు ఓట్లను చేత్తో మళ్లీ లెక్కించారు. ఆ పని చేయించింది రిపబ్లికన్ అధికారే. గెలిచింది బైడెనే అని మళ్లీ తేలింది. ప్రశ్న అడుగు, కాగితం చూపించమను, మళ్లీ లెక్కించమను, కోర్టుకు వెళ్లు. ఆధారం చూశాక కూడా ఆగని అనుమానం అనుమానం కాదు, అది ద్వేషం.

"అంతా అబద్ధమే" అనడం తెలివిలా కనిపిస్తుంది. దానివల్ల నష్టపోయేది ఓటు తప్ప వేరే ఆస్తి లేనివాళ్లే.

1919లో బాబాసాహెబ్ సౌత్‌బరో కమిటీ ముందు నిలబడి అంటరానివాళ్లకు ఓటు హక్కు కావాలన్నాడు. మరుసటి ఏడాదే మూక్‌నాయక్ పత్రిక పెట్టాడు. అప్పటి పత్రికలను ఆయన నమ్మలేదు. ఓటును మాత్రం వదల్లేదు.