ఆయమ్మకు ఎవరు చెప్పారు?

బడిలో పిల్లల భద్రత అనగానే మనకు రెండు పక్షాలే గుర్తొస్తాయి. ఫీజు కట్టే తల్లిదండ్రులు ఒకవైపు, ఫీజు తీసుకునే యాజమాన్యం ఇంకొకవైపు. పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం దాకా ఆ పిల్లలను కనిపెట్టుకుని ఉండే స్త్రీలు - టీచర్లు, ఆయమ్మలు, వంట చేసేవాళ్లు, ఊడ్చి తుడిచేవాళ్లు - ఈ చర్చలోకి రారు. జరగరానిది జరిగిన రోజున మాత్రం అందరూ మొదట వేలెత్తి చూపేది వీళ్లనే. అప్పుడు కూడా ఒక ప్రశ్న ఎవరూ అడగరు. ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో వీళ్లకు ఎవరైనా, ఎప్పుడైనా చెప్పారా? వీళ్ల పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కాగితం మీద రాసి ఇచ్చారా?

ఇది ఆఫీసు వ్యవహారాలకు చెందిన చిన్న విషయమని కొట్టిపారెయ్యడానికి నేను ఒప్పుకోను. పనిచేసే చోట తెలుసుకునే హక్కు గురించిన విషయం ఇది.

నేను పీర్జాదిగూడలో ఒక ప్రైవేటు ప్రాథమిక పాఠశాలలో ఆరేళ్లు పాఠాలు చెప్పాను. ఒకప్పుడు పంచాయతీగా ఉన్న ఈ ఊరు 2016లో మునిసిపాలిటీ, 2019లో కార్పొరేషన్ అయింది. 2025 చివరలో హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో కలిసింది. ఉప్పల్, నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, ప్లాట్లు కొనుక్కుని వచ్చినవాళ్లు, జిల్లాల నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లు ఇక్కడ స్థిరపడ్డారు. ఊరు పెరిగిన వేగంతోనే బడులూ పెరిగాయి. కాపురానికని కట్టిన ఇళ్లు బడులయ్యాయి. ఒకటే మెట్లదారి, ఒకటే గేటు, గేటు దాటితే సందు. అలాంటి భవనంలో ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో, వెనక గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో తెలిసి ఉండడం ప్రాణాలకు సంబంధించిన సంగతి.

ఒక ఏడాది మా బడిలో మాక్ డ్రిల్ జరిగింది. ఫొటోలు తీసి ఫైల్లో పెట్టాలి కనుక జరిగింది. ముందురోజు రాత్రి టీచర్ల వాట్సాప్ గ్రూపులో నాలుగు లైన్లు వచ్చాయి: పదకొండింటికి లాంగ్ బెల్ కొడతారు, పిల్లలను వరసగా కిందికి దించండి అని. మన బడులలో లాంగ్ బెల్ అంటే ఏమిటో తెలుగునాట చదువుకున్న ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంటికి పొమ్మని అర్థం. పిల్లలు కేరింతలు కొడుతూ బ్యాగులు సర్దుకున్నారు. నర్సరీ పిల్లలను బాత్రూముకు తీసుకెళ్లిన ఆయమ్మ వాళ్ల బ్యాగుల కోసం వాళ్లను మళ్లీ పైకి నడిపించుకొచ్చింది. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ మెట్ల మీద ఎదురుపడ్డారు. నిజంగా పొగ కమ్మి ఉంటే ఆ మెట్ల మలుపు దగ్గర ఏమయ్యేదో ఊహించుకోండి. కరస్పాండెంటు గారు అందరి ముందూ ఆయమ్మను తిట్టారు. ఆమె తల వంచుకోలేదు. "నాకెవలు జెప్పిన్రు సార్? పొడుగు గంట కొడ్తే ఇంటికి పంపుడే కదా అనుకున్న" అంది.

ఆ గ్రూపులో ఆమె లేదు. ఆమెది బటన్ల ఫోను. ఆమెకు చదువు రాదు. కానీ మూడేళ్ల పిల్లలు ఇరవైమంది రోజంతా ఆమె కొంగు పట్టుకుని తిరిగేవాళ్లు. బడిలో సమాచారం జీతం మెట్ల మీదుగా కిందికి దిగుతుంది. కింది మెట్టు దాకా వచ్చేసరికి ఏమీ మిగలదు. అతి చిన్న పిల్లలు ఉండేది మాత్రం ఆ కింది మెట్టు దగ్గరే.

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి తగలబడి 94 మంది పిల్లలు చనిపోయారు. ఒకే భవనంలో మూడు బడులు నడిపారు. మధ్యాహ్న భోజనం వండే చోట లేచిన మంట ఆకుల కప్పుకు అంటుకుంది. మెట్లదారి ఇరుకు. పదేళ్ల తర్వాత, 2014 జులై 30న, తంజావూరు కోర్టు పదిమందిని దోషులుగా తేల్చింది. బడి వ్యవస్థాపకుడితో పాటు భోజన పథకం నిర్వాహకురాలు, వంటమనిషి కూడా వారిలో ఉన్నారు. 2017లో మద్రాసు హైకోర్టు కొందరి శిక్షలు తగ్గించి, కొందరిని విడిచిపెట్టింది. ఎవరి తప్పు ఎంతో తేల్చడం కోర్టుల పని. అయితే బడికి కప్పు దేనితో వెయ్యాలో, పొయ్యి ఎక్కడ పెట్టాలో నిర్ణయించే చోట వంటమనిషిని ఎవరూ కూర్చోబెట్టరు. ముద్దాయిల బోనులో మాత్రం చోటిస్తారు.

ఆ దుర్ఘటన తర్వాత నడిచిన అవినాష్ మెహ్రోత్రా కేసులో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్ 13న తీర్పు చెప్పింది. ప్రభుత్వ బడి అయినా ప్రైవేటు బడి అయినా మంటలార్పే పరికరాలు పెట్టాలనీ, వాటిని వాడడంలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలనీ ఆదేశించింది. సిబ్బంది అంటే పుస్తకం పట్టుకున్నవాళ్లు మాత్రమే అని ఎందుకు అనుకోవాలి? చీపురు పట్టుకున్నామె సిబ్బంది కాదా? మా బడిలో ఎర్ర సిలిండరు ప్రిన్సిపాల్ గది బయట గోడకు వేలాడుతూ ఉండేది. దాన్ని రోజూ దుమ్ము తుడిచేది ఆయమ్మే. దాని పిన్ను ఎలా లాగాలో ఆమెకు ఎవరూ చూపించలేదు. ఆ మాటకొస్తే మాకూ చూపించలేదు.

చెప్పడం ఎంత ముఖ్యమో వినడం కూడా అంతే. కుంభకోణం తర్వాత తొమ్మిదేళ్లకు, సరిగ్గా అదే తేదీన, 2013 జులై 16న, బీహార్‌లోని గండామన్ గ్రామంలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో పురుగుమందు కలిసింది. నూనె తేడాగా ఉందని వంటామె చెప్పినా ప్రధానోపాధ్యాయురాలు వినలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ ప్రధానోపాధ్యాయురాలికి 2016లో కింది కోర్టు శిక్ష వేసింది. 2015లో వచ్చిన మధ్యాహ్న భోజన నిబంధనలు పిల్లలకు వడ్డించే ముందు ఒక టీచరుతో సహా పెద్దవాళ్లు రుచి చూడాలని చెబుతున్నాయి. మంచిదే. కానీ రుచి చూడ్డానికి ముందే ముక్కుతో పసిగట్టిన మనిషి ఒకరుంటారు. "ఈ సరుకు బాగాలేదు, నేను వండను" అనే అధికారం ఆమెకు ఉందని ఏ బడి గోడ మీదా రాసి ఉండడం నేను చూడలేదు.

మంట, తిండి ఒకెత్తు. చాలా బడులు అసలు నోరెత్తని సంగతి ఇంకొకటి ఉంది. 2022 అక్టోబరులో బంజారాహిల్స్‌లోని ఒక బడిలో నాలుగేళ్ల పాపపై లైంగిక దాడి బయటపడింది. దోషి బయటి మనిషి కాదు, ప్రిన్సిపాల్ కారు డ్రైవరు. 2023లో అతనికి 20 ఏళ్ల శిక్ష పడింది. ఇలాంటి నేరం జరిగినట్టు తెలిసిన ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరునెలల దాకా జైలు, సంస్థను నడిపే వ్యక్తి దాచిపెడితే ఏడాది దాకా. పిల్లలతో మెలిగే సిబ్బందిని నియమించే ముందు వాళ్ల పూర్వాపరాలు పోలీసులతో విచారించాలనీ, సిబ్బందికి ఎప్పటికప్పుడు శిక్షణ ఇవ్వాలనీ 2020 నాటి నిబంధనలు అంటున్నాయి.

పాప ఒంటి మీద గాటు మొదట ఎవరి కంట పడుతుంది? బాత్రూముకు తీసుకెళ్లిన ఆయమ్మ కంట. ఆమెకు బడిలో చేరిన రోజున చెప్పే నీతి ఒక్కటే: "ఏమున్నా మాకు చెప్పు, బయట నోరు విప్పకు." అది చట్టానికి విరుద్ధమైన మాట అని ఆమెకు తెలియదు. యాజమాన్యం మాట విన్నందుకు జైలుకు పోయే ప్రమాదం తనకే ఉందనీ తెలియదు. ఆరునెలల శిక్ష గురించి చెప్పకుండా ఒక స్త్రీని ఆ ఉద్యోగంలో పెట్టుకోవడం మోసం. నాకు ఇంతకన్నా మెత్తని మాట దొరకడం లేదు.

రోజువారీ పని సంగతి చూద్దాం. ప్రైవేటు బడి టీచరు చేతిలో చాలాచోట్ల నియామక పత్రం ఉండదు. ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం యాజమాన్యం బీరువాలో ఉంటాయి. పాఠం చెప్పడంతో పాటు ఫీజు బకాయిల కోసం తల్లిదండ్రులకు ఫోన్లు చెయ్యాలి, మే నెల ఎండలో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తేవాలి. ఇవన్నీ నోటిమాట మీద, లేదా రాత్రి పదింటికి వచ్చే మెసేజి మీద నడుస్తాయి. 2009 విద్యాహక్కు చట్టం టీచరు పనిగంటలు వారానికి 45 అంటూ, పాఠానికి సిద్ధమయ్యే సమయాన్ని కూడా అందులోనే కలిపింది. రాత్రి పదింటి మెసేజిని ఏ ఖాతాలో రాయాలి?

నోటిమాటకు ఇంకో ప్రమాదం ఉంది. అదే చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా హింసించడాన్ని నిషేధించింది. "క్లాసు కంట్రోల్ చెయ్యలేవా?" అని టీచరును గదమాయించినప్పుడు దాని అర్థం ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆమె చెయ్యి చేసుకున్న మర్నాడు తల్లిదండ్రులు వస్తే, "మేమెప్పుడూ కొట్టమనలేదు" అంటారు. నిజమే, కాగితం మీద అనలేదు. టీచరు కొట్టడాన్ని నేను సమర్థించను. కానీ బడిలో కొట్టకూడదని మొదటిరోజే రాసిచ్చి, అరవై మంది ఉన్న తరగతిని కొట్టకుండా ఎలా నడపాలో నేర్పితే ఆ నింద మోసేది ఎవరో స్పష్టంగా ఉంటుంది.

"టీచర్లు ఆరునెలలకు ఒకరు మానేస్తారు, ఎంతమందికని నేర్పాలి?" అని యాజమాన్యాలు అంటాయి. ఎందుకు మానేస్తున్నారో వాళ్లకు తెలియదా? వసూలయ్యే ఫీజులో సగం సిబ్బంది జీతాలకు పోవాలని 1994 జనవరి 1న వచ్చిన జీవో నం. 1 చెప్పింది. అది అమలైతే ఇంతమంది మానరు. పోనీ మానేస్తారనే అనుకుందాం. అయితే శిక్షణ ఏడాదికొకసారి కాదు, మూడు నెలలకొకసారి పెట్టాలి. చిన్న బడుల యాజమానులందరూ కోటీశ్వరులని నేను అనడం లేదు. అద్దె కట్టలేక మూసేసినవాళ్లను చూశాను. కానీ గంట ఎందుకు కొడుతున్నామో చెప్పడానికి డబ్బు ఖర్చవదు.

2025 జులై 25న రాజస్థాన్‌లోని పీప్లోడి గ్రామంలో బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయాక, దేశంలోని బడులన్నిటిలో భద్రతా తనిఖీలు జరపాలనీ, సిబ్బందికీ పిల్లలకూ శిక్షణ ఇవ్వాలనీ కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలకు రాసింది. ఆదేశాలకు కొదవ లేదు. ఆ ఆదేశం ఆయమ్మ దాకా చేరిందా అని అడగాల్సింది మనం. గుర్తింపు కోసం యాజమాన్యం సమర్పించిన కాగితాలు విద్యాశాఖ కార్యాలయంలో ఉంటాయి. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, శిక్షణ ఇచ్చామని ఎవరి పేర్లు రాశారో తల్లులు, టీచర్లు చూడవచ్చు.

మన రాష్ట్రంలో బడులు జూన్ రెండోవారంలో తెరుస్తారు. పిల్లలు రాకముందే ఒక పూట, జీతంతో కూడిన పూట, సిబ్బంది మొత్తాన్నీ పిలిచి భవనమంతా నడిపించి చూపాలి. తాళాలు ఎక్కడుంటాయో, కరెంటు మెయిన్ ఎలా ఆపాలో, గ్యాస్ ఎక్కడ కట్టాలో, 101కి ఫోన్ చేసి చిరునామా ఎలా చెప్పాలో చేతులతో చేయించాలి. ప్రమాదానికి కొట్టే గంట లాంగ్ బెల్ కాకూడదు. పనులు రాసిన కాగితం తెలుగులో ఉండాలి, ఉర్దూ, హిందీ చదివేవాళ్లకు ఆ భాషల్లో ఉండాలి, చదువు రానివాళ్లకు చదివి వినిపించాలి. ఒక కాపీ ఆమె దగ్గరే ఉండాలి. బస్సుల్లో పిల్లలను దింపడానికి వెళ్లే ఆయమ్మలు సాయంత్రం మీటింగులకు ఎప్పుడూ అందరు. కాబట్టి ఆ పూట ఏదో వాళ్లను అడిగే నిర్ణయించాలి.